ఉదయగిరి మెట్టలో ట్రైల్ రైడ్: పదిమందితో వెళ్లి పదిమందితో తిరిగి రావడం ఎలా

నెల్లూరు జిల్లా ఉదయగిరి మెట్టలో బైకుల మీద మట్టి బాటలు తిరుగుదామని మొదటిసారి ఎనిమిది బండ్లతో బయల్దేరి మధ్యాహ్నం భోజనానికి ఏడు బండ్లతో చేరాం. ఎనిమిదో అతను వింజమూరు దాటాక పొలాల మధ్య ఒక డొంకలో కుడికి తిరగాల్సిన చోట నేరుగా పోయాడు. ఫోన్‌కి సిగ్నల్ లేదు. రెండు గంటలు వెతికాక ఒక ఊళ్లో రావిచెట్టు కింద కనిపించాడు. హెల్మెట్ పిల్లల చేతికిచ్చి, తను టీ తాగుతున్నాడు. "మీరే తప్పిపోయారనుకున్నా" అన్నాడు. కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. నిజానికి అతని తప్పేమీ లేదు. మలుపులో ఎవరు ఆగాలి, వెనక ఎవరున్నారు అని చూసుకునే పద్ధతే మాకు లేదు.

అప్పటినుంచి ఒకటే పెట్టుకున్నాం. గుంపులో అందరికన్నా నిదానంగా నడిపేది ఎవరో ముందే తెలుసుకుని, దూరం, దారి, టైము, భోజనం అన్నీ ఆ మనిషిని బట్టే లెక్కేయడం. మీరు కూడా నలుగురిని పోగేసి మట్టి బాటల్లో ఒక రోజు తిరగాలనుకుంటే ఇక్కడినుంచే మొదలుపెట్టండి.

కాలం చూసుకోండి

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి. అప్పుడు ఎర్రమట్టి జారుతుంది. నల్లరేగడి ఇంకా దారుణం. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ముద్దలా కూరుకుపోయి చక్రం తిరగదు, పుల్ల పెట్టి గీకుతూ కూర్చోవాలి. సంక్రాంతి దాటినప్పటినుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా మంచి రోజులు. నేల గట్టిపడి ఉంటుంది, వాగుల్లో నీళ్లు మోకాలి కిందికి దిగుతాయి, పదకొండు గంటల ఎండను కూడా తట్టుకోవచ్చు. మార్చి సగం దాటితే హెల్మెట్ లోపల తల ఉడుకుతుంది. ఇక మే నెల గురించి మాట్లాడే పనే లేదు.

దారి వెతకడం

అసలు పని ఇదే. దీనికి ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకోండి.

ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు, వరికుంటపాడు, అటు పామూరు, కనిగిరి, చంద్రశేఖరపురం. ఈ మెట్ట అంతా బండ్లబాటలు, చెరువు కట్టలు, ఎండిన వాగులు, జామాయిల్ తోటల మధ్య దారులు. పడమటి దిక్కున వెలిగొండలు ఎప్పుడూ కనబడుతుంటాయి కాబట్టి దిక్కు తప్పడం కష్టం. ఆ కొండలు చూసి ఉత్సాహపడి అటు తిప్పకండి. వాటి పాదాల్లో చాలాచోట్ల రిజర్వు ఫారెస్టు ఉంది. అనుమతి లేకుండా లోపలికి పోవడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరం. పైగా అది ఎర్రచందనం పెరిగే అడవి. తెల్లారకముందే పది బండ్లు వరసగా అడవి అంచున కనబడితే ఫారెస్టు వాళ్లు ఆపుతారు, ఆపాలి కూడా. రాపూరు వైపు పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది, నల్లమల వైపు పులుల రిజర్వు ఉంది. ఆ రెండు వైపులా ఆశ వదులుకోండి. హద్దు రాళ్లు, బోర్డులు కనబడగానే వెనక్కి తిరగండి. రెవెన్యూ దారులు, పంచాయతీ బాటలే రోజంతా తిరిగినా తరగనన్ని ఉన్నాయి.

ఉదయగిరి కోట మీదికి బండి ఎక్కిద్దామని ప్రతి గుంపులో ఒకడు అంటాడు. శ్రీకృష్ణదేవరాయలంతటి వాడే ఏడాదిన్నర ముట్టడి వేసి 1514లో ఆ కోట పట్టుకున్నాడు. మీరు బండ్లు కింద పెట్టి నడిచి ఎక్కండి. భైరవకోన గుహాలయాలకు వెళ్లినా అంతే, వాహనాలు ఆపే చోట ఆపి నడవాలి. సముద్రతీరం ఇసుక కూడా ఊరిస్తుంది. కానీ సరిగ్గా మనం తిరిగే ఈ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు తీరానికొచ్చి గుడ్లు పెడతాయి. ఉప్పునీళ్లకు చైను, బేరింగులు కూడా పాడవుతాయి. సైదాపురం వైపు అయితే పాత మైకా గుంతలు ఉంటాయి. మీద పొదలు అల్లుకుని అంచు కనబడదు. ఆ ఊరి మనిషి పక్కన లేకుండా అక్కడ దారి వదలొద్దు.

రైడ్‌కి వారం ముందు ఇద్దరు వెళ్లి దారి మొత్తం నడిపి చూడండి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాపు ముందే దించుకుని, వెళ్లిన దారిని రికార్డు చేసుకోండి. చూడాల్సినవి: నేలమట్టానికి ఉండి గట్టు లేని బావులు, దారికి అడ్డంగా కట్టిన తీగలు, చెరువు నిండితే నీళ్లు పొర్లే కలుజు మీద పాచి, జామాయిల్ కొట్టేశాక మిగిలిన మోళ్లు. ఈ మోళ్లను ఏటవాలుగా నరుకుతారు, అందుకే బల్లెంలా ఉంటాయి. గడ్డిలో కనబడవు. టైరు పక్క చీరితే ప్యాచీతో అతకదు. ఇంకోటి, అడవి పందుల కోసం కొందరు రాత్రిపూట పొలాల చుట్టూ కరెంటు తీగలు పెడతారు. చట్టవిరుద్ధమే, అయినా పెడతారు. అందుకే బాగా పొద్దెక్కాక తప్ప పొలం గట్ల వైపు వెళ్లకండి, చీకటి పడేవేళ అసలు వద్దు.

ఎవరి పొలం పక్కనుంచి పోతున్నారో వాళ్లను ఆ రోజే అడగండి. "అన్నా, వచ్చే ఆదివారం పదిమందిమి ఈ డొంకలో పోతాం, నిదానంగానే పోతాం" అంటే చాలామంది సరే అంటారు, కొందరు ఇంకా మంచి దారి చూపిస్తారు. వద్దంటే వాదించకండి. బత్తాయి తోటలు, నిమ్మ తోటల దగ్గర నల్లటి డ్రిప్ పైపులు దారికి అడ్డంగా ఉంటాయి. మట్టిలో కలిసిపోయి కనబడవు, టైరు కింద పడితే పగులుతాయి. మేము టూల్ సంచిలో నాలుగు డ్రిప్ జాయినర్లు వేసుకుంటాం. పగిలితే అక్కడే అతికి, రైతుకు చెప్పి వెళ్తాం. చెప్పకుండా పోతే వచ్చే ఏడు ఆ డొంకకు కంప అడ్డం వేసి ఉంటుంది.

దూరం ఎంత పెట్టుకోవాలి? మట్టిలో 60 కిలోమీటర్లు చాలు. ఆగడాలు, పంక్చర్లు, పడి లేవడాలు కలుపుకుంటే గంటకు 15 కిలోమీటర్లు దాటదు. జనవరిలో ఆరు గంటలకల్లా పొద్దు వాలిపోతుంది. సాయంత్రం నాలుగుకు అందరూ తారు రోడ్డు ఎక్కాలి, దాన్నిబట్టి వెనక్కి లెక్కేసుకోండి. దారి గీసేటప్పుడు ప్రతి 10, 15 కిలోమీటర్లకు ఒకసారి తారు తగిలేలా చూడండి. అలసిపోయినవాళ్లు సిగ్గుపడకుండా అక్కడ దిగిపోవచ్చు.

మనుషులు, బండ్లు

ఒక గుంపుకు ఎనిమిది నుంచి పది బండ్లు. అంతకు మించితే రెండు గుంపులు చేయండి. ఎవరి లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం వాళ్ల దగ్గర ఉండాలి. ఎవరెవరు వస్తున్నారో పేర్లు, రక్తం గ్రూపు, ఇంట్లోవాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి, రెండు కాపీలు తీసి ముందు బండికి ఒకటి, వెనక బండికి ఒకటి ఇవ్వండి. దగ్గర పోలీస్ స్టేషన్లో ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. రేసు అన్న మాట ఎక్కడా రానీయకండి, రోడ్ల మీద రేసు పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద కేసు.

పెద్ద బండే కావాలని లేదు. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి మట్టిదారుల బండ్లు ఉంటే హాయి. మాతో ఒకతను పాత స్ప్లెండర్ మీద వస్తాడు. వాగు ఇసుకలో హిమాలయన్ కూరుకుపోతే దాన్ని లాగడానికి నలుగురు కావాలి, స్ప్లెండర్‌ని అతనొక్కడే ఎత్తి పక్కన పెడతాడు. బండి ఏదైనా ముందు రోజు ఇవి చూడండి. చైను మరీ బిగువుగా ఉండకూడదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. నంబర్ ప్లేటు, సైలెన్సర్, ఫుట్‌రెస్టుల బోల్టులు బిగించి ఉండాలి. క్లచ్, బ్రేకు లీవర్ల బ్రాకెట్లను మాత్రం చేత్తో గట్టిగా తిప్పితే కదిలేంతలో ఉంచండి. బండి పడినప్పుడు లీవరు తిరుగుతుంది తప్ప విరగదు. అద్దాలు విప్పి సంచిలో వేసుకోండి, తారు మీద మళ్లీ బిగించుకోవచ్చు.

సామాన్లలో అందరూ మర్చిపోయేది గాలి పంపు. ఒకసారి మా దగ్గర మూడు ట్యూబులు, టైరు విప్పే రాడ్లు, ప్యాచీలు అన్నీ ఉన్నాయి, పంపు ఒకటే లేదు. దగ్గర ఊరికి చక్రం ఊడదీసి ఇంకో బండి మీద పెట్టుకుని పోయాం. ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18 ఉన్న బండ్లకు 21 ట్యూబు ఒకటే తెచ్చుకున్నా సరిపోతుంది, అవసరానికి వెనక కూడా మడిచి ఇరికించవచ్చు. 18 ట్యూబు ముందు చక్రంలో పట్టదు. క్లచ్ వైరు, స్పార్క్ ప్లగ్గు, చైను లింకు, ఎం-సీల్, ఇన్సులేషన్ టేపు, ఐదు మీటర్ల లాగే పట్టీ గుంపుకు ఒక సెట్టు చాలు. అది చివరి బండి మీదే ఉండాలి. ముందు బండి మీద పెడితే, చెడిపోయిన బండి వెనకాల ఉంటుంది, పానాలు రెండు కిలోమీటర్ల ముందు ఉంటాయి.

ఒంటికి: ఐఎస్ఐ మార్కు ఉన్న పూర్తి హెల్మెట్, దుమ్ముకు కళ్లద్దాలు, మోచేతులకు మోకాళ్లకు గార్డులు, గ్లోవ్స్, చీలమండ దాటే గట్టి బూట్లు. చెప్పులతో, స్పోర్ట్స్ షూలతో వచ్చినవాళ్లను ఇంటికి పంపేయండి. బాధపడతారు. పంపేయండి. బండి కాలి మీద పడ్డప్పుడు మొదట పోయేది చీలమండే.

ఉదయం

ఆరున్నరకు పెట్రోల్ బంకు దగ్గర కలవండి. ట్యాంకులు నింపండి. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. కడుపు నిండా కారం దోశలు లాగించి బయల్దేరితే మొదటి గుట్ట మీదే తెలుస్తుంది, నాలుగు ఇడ్లీలు చాలు.

మట్టి మొదలయ్యే చోట ఆగి టైర్లలో గాలి తగ్గించండి. తారు మీద 28, 30 పీఎస్ఐ ఉండేది మట్టికి 20, 22 దాకా దించితే పట్టు వస్తుంది. రాళ్లు ఎక్కువున్న దారిలో అంతకన్నా దించొద్దు, ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. బ్రేకు నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను వెనక చక్రానికి ఆపే వీలుంటే ఆపేయండి.

తర్వాత అందరినీ గుండ్రంగా నిలబెట్టి ఈ పద్ధతి చెప్పండి, ఒకరి చేత తిరిగి చెప్పించండి. ముందు బండిని దాటి ఎవరూ పోకూడదు. అందరికన్నా చివర వచ్చేది తోక బండి, దాని వెనక ఎవరూ ఉండకూడదు. దారి చీలిన ప్రతిచోటా ముందు బండి వెనకాల ఉన్న రెండో బండి ఆగిపోతుంది. అతనే ఆ మలుపు మనిషి. వచ్చిన ప్రతి బండికీ చేత్తో దారి చూపిస్తూ, తోక బండి కనబడేదాకా అక్కడే ఉంటాడు. తోక బండి రాగానే దానికి ముందు కలుస్తాడు. తర్వాతి మలుపులో అప్పుడు రెండో స్థానంలో ఉన్నవాడు ఆగుతాడు. ఇలా అందరూ ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు మారుతుంటారు. తోక బండి రాకుండా మలుపు మనిషి కదలకూడదు. అరగంటైనా సరే, ఫోన్ వచ్చినా సరే. "అందరూ వెళ్లిపోయినట్టున్నారు" అని కదిలాడంటే గొలుసు తెగినట్టే. రావిచెట్టు కింద టీ తాగిన మా వాడి రోజున ఈ ఒక్కటి ఉంటే సరిపోయేది.

తోక బండి అందరికన్నా బాగా నడిపేవాడికి ఇవ్వండి. ముందు పోవాలని అతనికి ఉంటుంది, ఒప్పించండి. పడినవాడిని లేపేది, పంక్చర్ వేసేది, భయపడినవాడి బండిని వాగు దాటించేది అతనే.

దారిలో

ఎక్కువసేపు నిలబడి నడపండి. పాదం ముందుభాగం ఫుట్‌రెస్టు మీద, మోకాళ్లతో ట్యాంకును పట్టుకుని, మోచేతులు బయటికి, హ్యాండిల్ వదులుగా. చూపు ముందు చక్రం దగ్గర పెట్టకండి, ఇరవై ముప్పై అడుగుల ముందు పెట్టండి. ఏ రాయిని చూస్తూ ఉంటే బండి ఆ రాయికే పోతుంది. క్లచ్ మీద, ముందు బ్రేకు మీద ఒకటి రెండు వేళ్లు ఎప్పుడూ ఉండాలి.

వాగు ఇసుకలో భయపడి థ్రాటిల్ వదిలేస్తారు. అప్పుడే ముందు చక్రం దిగబడి హ్యాండిల్ మడుస్తుంది. ఒళ్లు కాస్త వెనక్కి జరిపి, రెండో గేరులో ఆగకుండా థ్రాటిల్ ఇస్తూ పోండి. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి, బిగించి పట్టుకుంటే పడేస్తుంది. కూరుకుపోతే ఇంకా రైజ్ చేయకండి, చక్రం ఇరుసు దాకా దిగుతుంది. దిగి, బండిని పక్కకు పడుకోబెట్టి, గుంతలో ఇసుక పూడ్చి, లేపి, నడుచుకుంటూ థ్రాటిల్ ఇచ్చి తీయండి.

ఎర్ర గులకరాళ్ల దారిలో ముందు బ్రేకు గట్టిగా నొక్కితే అంతే. దిగుడులో మొదటి గేరు వేసి, క్లచ్ పట్టకుండా ఇంజను బిగువుతోనే దిగండి. వెనక బ్రేకు వాడండి, ముందుది వేలితో మెల్లగా. ఎక్కుడులో ఒళ్లు ముందుకు వంచి ఒకే థ్రాటిల్ మీద పోవాలి. మధ్యలో ఇంజను ఆగితే ముందు బ్రేకు పట్టుకుని, గేరులోనే ఉంచి, కంగారు పడకుండా బండిని కొండవైపుకు పడుకోబెట్టండి. పల్లం వైపుకు పడితే బండి కింద మీరు ఉంటారు. ముందు బండి పైకి ఎక్కి చేయి ఊపాకే రెండో బండి ఎక్కాలి.

నీళ్లు దాటే ముందు ఒకరు నడిచి చూడాలి. చక్రం ఇరుసు మునిగే లోతు దాటితే వేరే దారి చూసుకోండి. మొదటి గేరులో నిదానంగా, ఆగకుండా. నీళ్లల్లో బండి పడి ఇంజను ఆగితే సెల్ఫ్ నొక్కొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ ఖర్చు చాలా పెద్దది. ఒడ్డుకు తోసి, ప్లగ్గు విప్పి, అప్పుడు ఇంజను తిప్పితే నీళ్లు చిమ్ముకుంటూ బయటికొస్తాయి. ఎయిర్ ఫిల్టర్ పిండండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే స్టార్ట్ చేయకండి, లాక్కుని పోవడమే.

చిల్లకంప ముల్లు దిగని రోజు లేదు. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడిమి ముల్లు మొన దొరికేదాకా వెతకండి. తొందరపడి కొత్త ట్యూబు వేస్తే ఐదు నిమిషాల్లో అదే ముల్లు దాన్నీ పొడుస్తుంది.

ఊళ్లలో నడక వేగం. గొర్రెల మంద ఎదురైతే పక్కకు ఆగి ఇంజన్లు ఆపేయండి. సీతారాంపురం వైపు ఒక కాపరి మాతో అన్నాడు: "మీకు సరదా నాయనా, బెదిరిన గొర్రెను పట్టకరావాలంటే నాకు పొద్దుపోతాది." అప్పటినుంచి ఆయన చేయి ఊపేదాకా కదలం.

భోజనం

పెద్ద భోజనం వద్దు. ఊళ్లో ఒక ఇంట్లో ముందే చెప్పి, డబ్బులిచ్చి, పెరుగన్నం, పులిహోర, మజ్జిగ చేయించుకోండి. చేపల పులుసు రాత్రికి. మధ్యాహ్నం తర్వాత దారి ఉదయం కన్నా సులువుగా ఉండేలా ముందే గీసుకోవాలి. చాలామంది పడేది రెండు దాటాకే, చేతుల్లో పట్టు పోయి ఉంటుంది.

ఎవరైనా గట్టిగా పడితే

మొదట, వెనకాల వచ్చే బండ్లను ఆపండి. స్పృహ ఉంటే, ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ తీయకండి, మెడ కదపకండి. ఎముక విరిగినట్టుంటే ఉన్న వంకరలోనే టైరు రాడ్డు, తువ్వాలు పెట్టి కట్టండి. 108కి ఫోన్ చేసి ఊరి పేరు, చెరువు పేరు, దగ్గరి తారు రోడ్డు చెప్పండి. సిగ్నల్ లేకపోతే ఇద్దరు కలిసి సిగ్నల్ దొరికే చోటికి పోవాలి. ఒక బండి తారు రోడ్డు మీద నిలబడి అంబులెన్సుకు దారి చూపాలి. తలకు దెబ్బ తగిలినవాడు "నాకేం కాలేదు, నడుపుతా" అంటాడు. తాళం చెవి తీసేసుకోండి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటుమందు ఏవీ వద్దు, కదలనీయకుండా నేరుగా ఆసుపత్రికి.

తారు ఎక్కాక

తలలు లెక్కపెట్టండి, కాగితంలో పేర్లతో సరిచూడండి. టైర్లలో గాలి మళ్లీ నింపండి, ఏబీఎస్ వేయండి, అద్దాలు బిగించండి. బ్రేకులు ఒకసారి నొక్కి చూడండి. రోజంతా మట్టిలో బాగా నడిపి, ఇంటికెళ్లేటప్పుడు రోడ్డు మీద నిద్రమత్తులో పడినవాళ్లు ఉన్నారు. టీ తాగి, ఇద్దరిద్దరుగా వెళ్లండి.

మర్నాడు చైనుకు ఆయిల్ పెట్టేటప్పుడే దారి ఇచ్చిన రైతులకు ఫోన్ చేయండి. పైపు పగిలిందా, గేటు తెరిచి వదిలారా అని అడగండి. వాళ్లు చెప్పింది, తోక బండి తారు ఎక్కిన టైము ఒక నోటుబుక్కులో రాసుకోండి. పోయినసారి మాది నాలుగూ నలభై. అందుకే ఈసారి మా దారిలోంచి వరికుంటపాడు వైపు చెరువు కట్ట మీద పోయే ముక్క తీసేసి ఎనిమిది కిలోమీటర్లు తగ్గించాం.